34 వేల రాబడి, హన్మకొండలో ఐదుగురి ఇల్లు: ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

తమ్ముడూ, మీరు రాసిన లెక్క చూశాను. నయీంనగర్‌లో కిరాయి 8,500. పిల్లలిద్దరి ఫీజులు, ఆటో కలిపి నెలకు 6 వేలు. కిరాణం 9 వేలు, పాలు కూరగాయలు 5 వేలు, అమ్మగారి మందులు 1,800, ఎండాకాలం కరెంటు 1,300 పైనే. మీ జీతం, మీ ఇంటావిడ కుట్టుపని కలిపితే 34 వేలు. మిగిలిన రెండు వేల చిల్లర పెట్రోలుకూ ఫోన్లకూ సరిపోతుంది. హైదరాబాద్ నుంచి ఇక్కడికొస్తే ఏదో మిగులుతుందనుకుంటే, బయట టీ, పేపరు, ఆదివారం మటన్ అన్నీ బంద్ చేసినా 20వ తారీఖుకే చేతులు ఖాళీ అవుతున్నాయని అడిగారు.

నేను కుమార్‌పల్లి వైపు చాలా ఏళ్లు కిరాణం దుకాణం నడిపాను, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. ఒకే జీతం వచ్చే రెండిళ్లలో ఒకరు నెలాఖరుకు ఉద్దెర ఎందుకు అడుగుతారో, ఇంకొకరు ఎందుకు అడగరో గల్లా ముందు కూర్చుంటే తెలిసిపోతుంది. తేడా టీలో ఉండదు. ముందు ఆ పేపరు, మటన్ మళ్లీ మొదలుపెట్టండి. కడుపు కట్టుకుని చేసే పొదుపు రెండు నెలలు నడుస్తుంది, మూడో నెలలో ఒక్క దావత్‌తో మొత్తం కొట్టుకుపోతుంది. మీరు తగ్గించాల్సినవి వేరే ఉన్నాయి, అవి మీ లెక్కలో సరిగ్గా కనబడటం లేదు.

కరెంటుతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో పైసలు వెంటనే కనబడతాయి. మన దగ్గర 2022 నుంచి నడుస్తున్న ఇంటి స్లాబులు ఎట్లా ఉంటాయో చాలామంది చూడరు. నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి 100 యూనిట్లు 3 రూపాయల 40 పైసలు, మిగిలిన 100 యూనిట్లు 4 రూపాయల 80 పైసలు. అంటే సరిగ్గా 200 దగ్గర ఆగితే కరెంటు ఛార్జీ 820 రూపాయలు. 201 అయిందా, లెక్క మొదటి నుంచీ మారిపోతుంది: ముందటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు. 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు పైన! ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం వంటివి దీనికి అదనం. 100 దగ్గర కూడా ఇట్లాంటి గట్టే ఉంది, కాకపోతే చిన్నది. 100 యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు, 101కి 344 రూపాయల 80 పైసలు. చలికాలంలో మీ ఇల్లు ఆ దరిదాపుల్లో ఉంటే అదీ గమనించండి.

మీ బిల్లును బట్టి చూస్తే ఎండాకాలంలో 235, 240 యూనిట్లు కాలుస్తున్నారు. 240కి ఛార్జీ 1,328 రూపాయలు. పాతకాలం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. కరెంటు తక్కువ తాగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు, అదే తిరుగుడుకు 11 యూనిట్లు కూడా కాదు. ఫ్యాన్‌కు 16 యూనిట్లు మిగులుతాయి. ఇక్కడొక కిటుకు ఉంది. ఒక్క ఫ్యాన్ మారిస్తే మీ 240 కాస్తా 224 అవుతుంది, బిల్లులో తగ్గేది 120 రూపాయల చిల్లర. మూడు ఫ్యాన్లూ మారిస్తే 192కు దిగుతారు, అప్పుడు ఛార్జీ 782 రూపాయలు. అంటే నెలకు 546 రూపాయలు తగ్గినట్టు. మొదటి రెండు ఫ్యాన్లు పెద్దగా మిగిల్చేదేమీ లేదు, గట్టు దాటించేది మూడోదే. అందుకే ‘ఒకటి కొని చూశాం, ఏం తేడా లేదు’ అని చాలామంది ఆగిపోతారు. కొంటే మూడూ కొనండి, లేదంటే వేరే దారిలో 40 యూనిట్లు తగ్గించండి. మీ ఇంట్లో కుట్టుపని ఉంది కాబట్టి ఇస్త్రీ పెట్టె మీద కన్నేయండి. వెయ్యి వాట్ల పెట్టె రోజుకు అరగంట నడిస్తే నెలకు 15 యూనిట్లు. జాకెట్టుకొకసారి వేడి చేయకుండా అన్నీ పోగేసి ఒకేసారి చేస్తే అది సగమవుతుంది. కూలర్ 200 వాట్లది రాత్రంతా పది గంటలు తిరిగితే నెలకు 60 యూనిట్లు. తెల్లవారుజామున నాలుగింటికి ఎవరో ఒకరు లేస్తారు కదా, అప్పుడు ఆపి ఫ్యాన్ వేసుకోవచ్చు.

ఇంకో మాట. రీడింగ్ తీసిన తేదీ బిల్లు మీద ఉంటుంది. ఆ రోజు నుంచి 20వ రోజున మీరే మీటరు చూడండి. బిల్లు మీది రీడింగ్ తీసేయగా 133 యూనిట్ల లోపు ఉంటే నెల గట్టెక్కుతుంది. 145 ఉంటే మిగిలిన పది రోజులు ఇగురంగా వాడాలి. నెలంతా చీకట్లో కూర్చోవాల్సిన పని లేదు, ఆ పది రోజులు జాగ్రత్త పడితే చాలు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఈ 200 గీత ఇంకా పదునైనది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 లోపు బిల్లే లేదు, దాటితే మొత్తం కట్టాలి. మీ రాబడికి కార్డు రాదు, పట్టణాల్లో పరిమితి ఏడాదికి 2 లక్షలు. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి సెలవులు పోగొట్టుకోకండి. ఎవరో ఇప్పిస్తానంటే నమ్మకండి.

ఇక కిరాణం. మీ 9 వేలలో తప్పు ఎక్కడుందంటే, ఏడాదికోసారి పండే సామానును మీరు నెలనెలా కొంటున్నారు. హైదరాబాద్‌లో అది తప్పదు. వరంగల్‌లో ఉండి, చుట్టూ పరకాల, నర్సంపేట, ములుగు, జనగామ పెట్టుకుని, మిరపకాయల కోసం పావుకిలో ప్యాకెట్టు కొనడం మాత్రం నాకు మింగుడు పడదు. మా దుకాణంలో ఉద్దెర అడగని ఇళ్లన్నీ దాదాపు ఒకే పని చేసేవి: జనవరి నుంచి మే దాకా కొని పెట్టుకునేవి, మిగతా ఏడాది మా దగ్గరికి సబ్బులకూ నూనెకూ మాత్రమే వచ్చేవి.

మిర్చి సంగతి కొంచెం వివరంగా చెప్తాను. ఎనుమాముల మార్కెట్‌కు సరుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జోరుగా వస్తుంది. ధర దిగేది అప్పుడే. అక్కడ అడ్తిదారుల దగ్గర బస్తాల లెక్కన వేలం జరుగుతుంది, మీలాంటి ఇంటివాళ్లు పోయి ఐదు కిలోలు అడిగితే ఎవరూ పట్టించుకోరు. నలుగురు ఇరుగుపొరుగువాళ్లు కలిసి ఒక బస్తా పంచుకుంటే పని జరుగుతుంది. లేదంటే ఊళ్లో మిర్చి వేసిన చుట్టం దగ్గరే కల్లం మీద తీసుకోండి. తేజ రకం ఘాటు, కూరలకు అదే. తొక్కులకు రంగు కావాలంటే చపాట రకం మిర్చి కలపాలి. లావుగా, ఎర్రగా, కారం తక్కువగా ఉంటుంది, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొనేటప్పుడు పైన కనబడే కాయలు చూసి మురిసిపోవద్దు. బస్తా మధ్యలో చెయ్యి పెట్టి గుప్పెడు బయటికి తీయండి. గుప్పిట్లో పట్టి నలిపితే గలగలమనాలి. మెత్తగా ముద్దకట్టిందంటే తేమ ఉంది, నీళ్లకు పైసలిస్తున్నట్టు. అందులో తెల్లమచ్చలు పడి రంగు పోయిన కాయలు ఎన్ని ఉన్నాయో చూడండి, అవే తాలు కాయలు. మార్కెట్లో తాలుకు వేరే ధర, చాలా తక్కువ. ఎర్రటి కాయల్లో తాలు కలిపి ఒకే ధరకు అంటగడతారు. చౌకగా దొరికే కారం పొడిలో ఏముంటుందో ఆ తాలు కుప్పలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంటికి తెచ్చాక రెండు మూడు ఎండలు పెట్టి, తొడిమలు తీసి గిర్నీలో పట్టించండి. తూకం తగ్గుతుంది, అది ముందే లెక్కలో వేసుకోండి. ఐదుగురి ఇంటికి తొక్కులతో కలిపి ఏడాదికి ఆరు కిలోల కారం చాలు.

పసుపు కొమ్ములు, చింతపండు కూడా అదే కాలం. చింతపండు గింజ తీసినదీ తీయనిదీ ధర పోల్చి చూడండి. మీ అమ్మగారికి ఓపిక ఉంటే గింజతో కొని ఇంట్లో కొట్టుకోవడమే లాభం. ఎల్లిగడ్డ మార్చి, ఏప్రిల్‌లో, యాసంగి ఉల్లిగడ్డ ఏప్రిల్, మేలో కొని గాలి తగిలేలా ఆరబోస్తే దసరా దాకా దిగుల్లేదు. మధ్యమధ్యలో మెత్తబడినవి ఏరేయాలి, లేకపోతే ఒక్కటి పక్కవాటినీ పాడు చేస్తుంది. టమాట జనవరి, ఫిబ్రవరిలో అంగట్లో కుప్పలు పోసి అమ్ముతారు, జూన్, జూలైలో అదే టమాట ఏడిపిస్తుంది. మన పెద్దవాళ్లు వరుగులు చేసింది ఊరికే కాదు. ఫిబ్రవరి ఎండకు ముక్కలు కోసి ఆరేస్తే వానాకాలం పప్పులోకి చాలు.

బియ్యం అసలు విషయం. మీ ఇంటికి నెలకు 30 కిలోలు పడుతుందనుకుందాం. 2025 వానాకాలం పంటకు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389, సన్నవడ్లకు రాష్ట్రం ఇచ్చే బోనస్ 500. కాబట్టి ఏ రైతూ మీకు 2,900కు తక్కువ ఇవ్వడు, అడగడం కూడా న్యాయం కాదు. ఆరు క్వింటాళ్లకు 17,400. ఊరి గిర్నీలో పట్టిస్తే క్వింటాలుకు 62 కిలోల బియ్యం వస్తాయనుకోండి, మొత్తం 372 కిలోలు. పట్టుడు కూలి, హమాలీ, ఆటో కలిపి కిలో 50 రూపాయలకు పడుతుంది. దుకాణంలో పాత సన్నబియ్యం 58 ఉందనుకుంటే ఏడాదికి 3 వేలు మిగులుతాయి. పైగా నూకలు ఇంటికే వస్తాయి, ఉప్మాకూ దోశ పిండికీ. తౌడు మాత్రం గిర్నీవాడు ఉంచుకుంటాడా, మీకిస్తాడా అని ముందే మాట్లాడుకోండి, పట్టుడు కూలి దాన్ని బట్టే ఉంటుంది.

వడ్లు కొనేటప్పుడు ఒక గింజ పంటి కింద పెట్టి కొరకండి. కటుక్కున విరిగితే ఎండినట్టు, నొక్కుకుపోతే ఇంకా పచ్చి. పచ్చి వడ్లు పట్టిస్తే నూకలే ఎక్కువవుతాయి, నా 62 కిలోల లెక్క అప్పుడు నిలబడదు. డిసెంబర్‌లో పట్టించిన కొత్త బియ్యం వెంటనే వండితే మెత్తగా ముద్దవుతుంది, నాలుగైదు నెలలు ఆగి తినాలి. అప్పటిదాకా పాతవి కొనుక్కోక తప్పదు. యాసంగి వడ్లు దీనికి పనికిరావు, ఎండలకు పగిలి సగం నూకలవుతాయి. డ్రమ్ముల్లో పోసి నడుమ వేపాకు వేస్తే పురుగు తగ్గుతుంది, వానాకాలం ముందు ఒక ఎండ చూపించాలి.

అయితే దీనికి 18 వేలు ఒకేసారి కావాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి బియ్యం కొని, నెలనెలా తీర్చుకుంటూ పోతే మిత్తికే 2,400 పోతుంది. మీకు మిగిలేది ఐదారు వందలు, దానికి ఎలుకల కాపలా అదనం. అప్పు చేసి బియ్యం కొనొద్దు. ఈ ఏడాది మిర్చి, పసుపు, చింతపండుతో ఆగండి, అవి మూడు నాలుగు వేలలో అయిపోతాయి. కరెంటులో మిగిలినదీ కిరాణంలో మిగిలినదీ కలిపి పోస్టాఫీసు ఆర్‌డీలో, అంటే నెలనెలా ఇంత అని కట్టే పొదుపు ఖాతాలో, నెలకు 1,500 వేయండి. అది ఐదేళ్ల ఖాతా, మధ్యలో తీయడానికి షరతులుంటాయి, కాబట్టి బ్యాంకులో ఏడాది ఆర్‌డీ అయితే ఈ పనికి ఇంకా నయం. వచ్చే డిసెంబర్‌కు వడ్ల పైసలు చేతిలో ఉంటాయి.

మిగిలిన సామాను గురించి దుకాణదారుడి గుట్టు ఒకటి విప్పుతాను, మా కొడుకు చదివితే తిడతాడు. చక్కెర, బ్రాండు నూనె మీద మాకు మిగిలేది నామమాత్రం. సూపర్ మార్కెట్లు ‘చక్కెర చౌక’ అని బోర్డు పెట్టేది మిమ్మల్ని లోపలికి రప్పించడానికే. లాభమంతా పప్పులు, జీలకర్ర, ఆవాలు, ధనియాలు, జీడిపప్పు మీద ఉంటుంది. కాబట్టి బేరం నూనె దగ్గర చేసి ప్రయోజనం లేదు, పప్పులూ పోపు సామానూ దగ్గర చేయండి. మూడు నెలలకోసారి వరంగల్ బీట్‌బజార్ పోయి అవి తెచ్చుకుంటే బండి పెట్రోలు పోను కూడా మిగులుతుంది. నూనె ప్యాకెట్ మీద గ్రాములు చదవండి. లీటరు నూనె 910 గ్రాములు. అదే సైజులో కనబడే కొన్ని ప్యాకెట్లలో అంతకన్నా తక్కువ ఉంటుంది. 910 గ్రాములది 150, 850 గ్రాములది 142 అనుకోండి, చౌకగా కనబడేదే నిజానికి ఎక్కువ ధర. లెక్క కష్టమైతే యూనిట్ సేల్ ప్రైస్ అని ప్యాకెట్ మీదే చిన్న అక్షరాల్లో వేస్తారు, గ్రాముకో మిల్లీలీటరుకో ఎంతో రాసి ఉంటుంది.

ఒక ఉపాయం: సూపర్ మార్కెట్ బండి తోసుకుంటూ పోయే బదులు చిట్టీ రాసుకుని గల్లీ దుకాణంలో ఇచ్చి, ముందు మొత్తం ఎంతైందో చెప్పించుకుని నగదు ఇవ్వండి. ఉద్దెర ఖాతా ఉన్నవాళ్లు ధర అడగరు, అది నేను రోజూ చూశాను. ఫోన్‌తో స్కాన్ చేసేవాళ్లూ ఇప్పుడు అట్లాగే అయ్యారు.

అమ్మగారి మందులు బీపీ, షుగర్‌వే అయితే 1,800 ఎక్కువ. బస్తీ దవాఖానలో, పీహెచ్‌సీలో ఆ మందులు ఉచితంగా ఇస్తారు. అక్కడ దొరకనివి జన ఔషధి దుకాణంలో అడగండి. డాక్టరును అడిగి మందు అసలు పేరు రాయించుకోండి, బ్రాండు పేరు పట్టుకుని పోతే అక్కడ దొరకదు. ఆయనకు చెప్పకుండా మాత్ర మార్చడం మాత్రం వద్దు. పాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ములుకనూరు మహిళా డెయిరీ వాళ్ల స్వకృషి పాలో, విజయ పాలో తీసుకుని పెరుగు ఇంట్లో తోడేసుకోండి. పెరుగు ప్యాకెట్లు మానేస్తే చాలు. మీ ఇంటావిడ, అమ్మగారు ఊరికి పోయి రావడానికి 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ కార్డు దగ్గరుంటే చాలు. మిర్చి, వడ్ల బేరానికి వాళ్లను పంపండి, మీకన్నా బాగా చేస్తారు.

చివరిగా మీ లెక్కలో అసలే లేని పద్దు ఒకటుంది: దావతులు. పెళ్లిళ్లలో కట్నం చదివింపులు, ఆడపడుచుకు ఒడిబియ్యం, బతుకమ్మ, దసరా బట్టలు, రెండేళ్లకోసారి మేడారం. మీ 20వ తారీఖు సమస్య ప్రతి నెలా ఒకేలా ఉందా, పెళ్లిళ్ల నెలల్లో ఎక్కువగా ఉందా, ఒకసారి గుర్తు చేసుకోండి. నా అంచనా రెండోదే. జాతర ఏడాది బెల్లం, కోళ్లు, మేకల ధరలు ఎట్లా లేస్తాయో మీకూ తెలుసు. పోకుండా ఉండమని నేనెవర్ని, అమ్మవార్ల మొక్కు. బెల్లం మాత్రం రెండు నెలల ముందే కొని పెట్టుకోవచ్చు. చుట్టాల పెళ్లిళ్లకు మీ ఇద్దరూ కూర్చుని ఒక హద్దు అనుకోండి: సొంత అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలకు ఇంత, మిగతావాళ్లకు ఇంత. గోడ మీద క్యాలెండర్‌లో ముందే రాసి ఉన్న హద్దును చూపించి కాదనడం, చేతిలో కవరు పట్టుకుని ఆలోచించడం కన్నా తేలిక.

ఒకటి రాయండి, దాన్ని బట్టి కరెంటు సలహా మారుతుంది. మీ పోర్షన్‌కు విడిగా మీటరు ఉందా, లేక ఓనరు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తున్నాడా? సబ్ మీటరైతే రెండు పోర్షన్లూ ఒకే బిల్లులో కలిసి 200 దాటి ఎక్కువ స్లాబులో పడతాయి. అప్పుడు మీరెన్ని ఫ్యాన్లు మార్చినా ఆ గట్టు దిగరు. అట్లా ఉంటే ఫ్యాన్ల కన్నా ముందు ఓనరును అసలు బిల్లు చూపించమని మర్యాదగా అడగండి, వేరే మీటరు పెట్టించే ఖర్చు చెరిసగం భరిస్తామని చెప్పండి.